ఎర్రకుంట బడి గుట్టు

ఆ పొద్దున తార్నాక మీద మబ్బు పట్టింది గానీ, వాన పడాలా వద్దా అన్నది ఇంకా తేల్చుకోలేదు. మెట్రో స్తంభాల నుంచి యూనివర్సిటీ చెట్ల దాకా ఒకటే బూడిద రంగు. రెండో అంతస్తు బాల్కనీలో సింధూజ మెడ నొచ్చేదాకా పైకి చూసి, "సాయంత్రానికి పడతది," అని తీర్పు చెప్పింది.

లోపల గడ్డం గీసుకుంటున్న నరహరి ఆ మాట వినీ విననట్టు రెండో చెంపకు నురుగు పూసుకున్నాడు. కూతురికి ఈ ఆకాశం పిచ్చి ఎర్రకుంటలో అంటుకుంది. భువనగిరి దాటి, తారురోడ్డు అయిపోయాక ఇంకా లోపలికి పోతే వచ్చే చిన్న హాస్టలు బడి అది. అక్కడ పిల్లలు పొద్దున్నే మబ్బు చూసి, వాన పడుతుందో లేదో నల్లబల్ల మీద రాయాలి. ఎవరి మాట నిజమైతే సాయంత్రం బడిగంట వాళ్లది. చూసొద్దామని పోయిన రోజు సింధూజ కూడా రాసింది. వాన పడింది. గంట కొట్టింది. ఐదో తరగతి పాసైన ఆ పిల్ల చేతులు ఆ గంట తాడును ఇంకా వదల్లేదు.

చిక్కేమిటంటే, ఆమెకు గ్లెన్‌హర్స్ట్‌లో కూడా సీటు వచ్చింది. గ్లెన్‌హర్స్ట్ అంటే గుర్రాలున్న బడి. ఈతకొలను, కోటు, టై, గేటు నుంచి ఆఫీసు గదికి పోవడానికి బ్యాటరీ బండి. అక్కడ ఒక మేడం వంగి, "హౌ ఆర్ యూ డియర్" అని అడిగి, జవాబు వినకుండానే వెళ్లిపోయింది. ఇంటికొచ్చిన సింధూజ "నేను గాడికి పోను" అని పూటంతా అన్నం ముట్టలేదు. వనజ మొగుడి వంక చూసింది.

"సదివేది నువ్వా, అదా?"

ఇంట్లో తీర్పు అయిపోయింది. ఎర్రకుంటే.

బయట మాత్రం కాలేదు. బయట అప్పటికే ఫ్లెక్సీ కట్టి ఉంది. గ్లెన్‌హర్స్ట్ కబురు తెలిసిన రోజు నరహరి ఆగలేక అపార్టుమెంటంతా పేడాలు పంచాడు. అసోసియేషన్ ప్రెసిడెంటు ఆదినారాయణ అనంతపురం నుంచి ఉద్యోగానికొచ్చి ఇక్కడే రిటైరైన మనిషి. ఫ్లెక్సీ కట్టడానికి కారణం దొరక్క చాన్నాళ్లుగా అల్లాడుతున్నాడు. తెల్లారేసరికి గల్లీ మూల మీద రెండు జడల సింధూజ, వెనక ఎవరిదో తెల్లగుర్రం, కింద శుభాకాంక్షలు తెలిపేవాళ్ల తలలు వరుసగా వెలిశాయి. ఆదినారాయణ తల పిల్ల తలకన్నా పెద్దది, గుర్రం తలకన్నా కొంచెం చిన్నది.

ఆ రోజు నరహరి అనుకున్నది చిన్న పని. రేపటికి సెలవు అడగాలి, రేపు పిల్లను ఎర్రకుంటలో చేర్పించి రావాలి. మధ్యలో ఎవరికీ ఏమీ చెప్పే పని లేదు.

యూనివర్సిటీ పరీక్షల విభాగంలో అతను సూపరింటెండెంటు. సెలవు చీటీ తీసుకొని పై ఆఫీసరు పద్మశ్రీ మేడం చూసింది.

"పాపను దింపి రానీకా? గ్లెన్‌హర్స్టేనా?"

ఇక్కడ "కాదు మేడం" అంటే కథ అయిపోయేది. కానీ పక్క బల్ల దగ్గర కమలాకర్ ఉన్నాడు. నరహరి అపార్టుమెంటులోనే కింది అంతస్తు మనిషి. అతని కొడుక్కి గ్లెన్‌హర్స్ట్‌లో సీటు రాలేదు. పేడా తిన్న రోజు నుంచి అతనికి నిద్ర సరిగ్గా లేదు. పల్లెటూరి బడి అని తెలిస్తే ఈ రాత్రి హాయిగా గురక పెడతాడు. నరహరి తన కూతురు కోసం ఏమైనా భరిస్తాడు గానీ, కమలాకర్ గురకను భరించలేడు.

"గ్లెన్‌హర్స్ట్ వద్దనుకున్నం మేడం," అని గొంతు తగ్గించాడు. "గుర్రాలు జూసి పడిపోయెటోళ్లు పడిపోతరు. అసలైన పెద్దోళ్లు పిల్లల్ని ఏడ ఏస్తున్నరో బయటికి రాదు. ఎర్రకుంట అని ఉన్నది. బోర్డు గూడ పెట్టుకోరు. ఎవరికీ చెప్పకుండ్రి."

బోర్డు లేని మాట నిజమే. ఎండాకాలం గాలిదుమారానికి ఎగిరిపోయింది, ఎవరూ మళ్లీ పెట్టలేదు.

యూనివర్సిటీలో సర్క్యులరు ఒక బల్ల నుంచి ఇంకో బల్లకు పోవడానికి వారం పడుతుంది. "ఎవరికీ చెప్పకుండ్రి" అన్న మాటకు ఆ ఇబ్బంది లేదు. మధ్యాహ్నానికల్లా అది క్యాంటీను చేరింది. తారురోడ్డు లేకపోవడం వాళ్లు కావాలని వేయించుకోకపోవడం అయింది. పిల్లలు కింద కూర్చుని తినడం వెన్నెముక కోసం అయింది. మబ్బుల సంగతి విన్న ఒక ప్రొఫెసరు, ఫిన్లాండులో సరిగ్గా ఇదే చేస్తారన్నాడు. ఆయన ఫిన్లాండు చూడలేదు, ఎర్రకుంటా చూడలేదు.

సాయంత్రం వాన పడింది. సింధూజ స్టీలు గ్లాసు మీద చెంచాతో టంగుటంగున కొట్టింది. ఎర్రకుంట నుంచి వచ్చాక ఆ ఇంటి గంట అదే.

మర్నాడు సెలవు దొరకలేదు.

"శనివారం పోదువు తియ్," అంది పద్మశ్రీ మేడం. "మా అక్క మనవరాలి సంగతి గూడ ఆ సారుతోని మాట్లాడు ముందుగాల. నీ మాట వింటడంట గద."

తన మాట ఇంట్లోనే ఎవరూ వినరు. ఆ ముక్క ఆమెకు చెప్పలేక తలూపాడు. మధ్యాహ్నం కమలాకర్ తానే చాయ్ తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఉద్యోగంలో చేరినప్పటి నుంచి అతను చాయ్ తేవడం అదే మొదలు.

"అన్నా, మావోని కోసం సారుకు ఒక మాట చెప్పరాదే. నీకేం, పెద్దోళ్లల్ల తిరుగుతవ్."

ఆ చాయ్ నరహరికి పేడాల కన్నా తియ్యగా ఉంది. అక్కడే, అందరూ వినేలా, ఎర్రకుంట బడి నడిపే వెంకటనర్సయ్య సారుకు ఫోన్ కొట్టాడు. "కమలాకర్ అని మనోడే సార్. పిలగాడు బంగారం. నా పిల్ల లెక్కనే అనుకోండ్రి."

ఆ వారమంతా బల్ల మీద చాయ్‌లు చల్లారలేదు. చాయ్‌కొక ఫోన్ పోయింది. ఇంట్లో వనజ రోజూ అదే పాట.

"ముందుగాల మన పిల్లను చేర్పియ్యి. ఊరోళ్ల పెండ్లికి పందిళ్లు తర్వాత ఏద్దువు."

"మన సీటు ఏడికి పోతది? అండ్ల మనం చెప్తే ఇచ్చుడే."

సింధూజ ట్రంకుపెట్టె సర్దింది, తీసింది, మళ్లీ సర్దింది.

ఒక సాయంత్రం మెట్ల దగ్గర ఆదినారాయణ ఆపాడు. "ఏమప్పా నరహరీ, పాప బడి మారిందంట కదా. ఆ ఫ్లెక్సీ పీకేసేదా?"

నరహరి అటూ ఇటూ చూసి కన్ను గీటాడు. "ఉండనీయుండ్రి సార్. గుట్టు గుట్టుగ ఉండాల్నంటే అది ఉండుడే మంచిది."

తన తెలివికి తనే మురిసిపోతూ మెట్లెక్కాడు.

శనివారం పొద్దున్నే తండ్రీకూతుళ్లు బస్సు దిగి, ట్రంకుపెట్టెను ఆటోలో వేసుకొని ఎర్రకుంట మట్టిరోడ్డు పట్టారు. ఎదురుగా కార్లు వస్తున్నాయి. ఒక కారులో పద్మశ్రీ మేడం చెయ్యి ఊపింది. బడి ముందు దుమ్ము ఇంకా తగ్గలేదు. వెంకటనర్సయ్య సారు చొక్కా మీద సుద్దపొడితో ఎదురొచ్చాడు.

"రాండ్రి నరహరీ. పోయేముందు బిడ్డకు ఒకసారి చూపిచ్చి పోదామని తెచ్చిన్రా? మంచిగ చేసిన్రు."

"చేర్పియ్యనీకి తెచ్చిన సార్."

సారు ముఖంలో నవ్వు ఆగిపోయింది.

"మీరు గ్లెన్‌హర్స్ట్ పోతున్నరని నిన్న కమలాకర్ వచ్చి చెప్పిండు. నేను నమ్మలే. ఫోన్ల ఫ్లెక్సీ చూపిచ్చిండు. మీ పిల్ల, వెనక గుర్రం. నిన్న పొద్దుగాల గూడ మీ గల్లీ మూల మీదనే ఉన్నదంట. అంత పెద్ద అక్షరాలు చూసినంక ఇంక మిమ్ముల అడుగుడేంది అనుకున్న."

"మరి మా సీటు?"

"వాళ్ల పిలగానికి ఇచ్చిన. మీరు ఫోన్ చేసి బంగారమన్న పిలగాడే." సారు హాస్టలు వైపు చూశాడు. "ఎన్ని మంచాలుంటె అంతమందినే తీసుకుంట. ఏ ఏడూ నిండనివి ఈ ఏడు నిండినయి. అంతా మీ పుణ్యమే."

ఆ ఆఖరి మాట ఆయన నిజంగానే కృతజ్ఞతతో అన్నాడు. అదే నరహరికి గుచ్చుకుంది.

సింధూజ నల్లబల్ల దగ్గరికి పోయి నిలబడింది. "సార్, నేను గూడ రాయొచ్చా?"

"రాయి బిడ్డా."

ఆకాశం వంక చాలాసేపు చూసి 'పడతది' అని రాసింది. సుద్దముక్క జాగ్రత్తగా అంచు మీద పెట్టింది. సాయంత్రం దాకా ఉండొచ్చా అని అడగలేదు. బస్సులో తండ్రిని కూడా ఏమీ అడగలేదు. అడిగితే బాగుండునని నరహరి తార్నాక దాకా అనుకున్నాడు.

గల్లీ మూల మీద తెల్లగుర్రం లేదు. ఆదినారాయణ స్టూలెక్కి కొత్త ఫ్లెక్సీకి తాడు బిగిస్తున్నాడు. కమలాకర్ కొడుకు, వెనక గుర్రానికి బదులు నల్లమబ్బు, 'ఎర్రకుంట విద్యార్థికి జేజేలు'. కమలాకర్ పేడాల డబ్బాతో ఎదురొచ్చాడు. ట్రంకుపెట్టె చూశాడు.

"గదేందన్నా, తిరిగి తెచ్చిన్రు?"

నరహరి పెట్టెను ఇంకో చేతికి మార్చుకున్నాడు.

"నేను అబద్ధం చెప్పలే అన్నా. ఉన్న ఫ్లెక్సీనే చూపిచ్చిన." ఒక పేడా తీసి అతని చేతిలో పెట్టాడు. అతని ముఖం నిద్ర తీరిన మనిషి ముఖంలా ఉంది. "పోనీలే. గ్లెన్‌హర్స్ట్ గూడ మరీ అంత చెడ్డదేం కాదు. నీ పిల్లకు ఆడన్న దొరికింది."

రాత్రి వనజ పప్పు, పచ్చిపులుసు వడ్డించింది. తిట్టలేదు. తిడితే తినడానికి వీలుగా ఉండేది. ముగ్గురూ కింద కూర్చుని తింటున్నారు. పచ్చిపులుసు దగ్గర ఉండగా బాల్కనీ రేకు మీద మొదటి చినుకులు టపటపమన్నాయి. చూస్తుండగానే వాన పెద్దదైంది. నరహరి చెయ్యి కంచంలో ఆగిపోయింది. సింధూజ ముందు స్టీలు గ్లాసు ఉంది, పక్కన చెంచా ఉంది. ఆమె చెంచా తీసుకుంది. పెరుగు వేసుకుంది. కలుపుకుంది.

బయట ఫ్లెక్సీ వానకు నిగనిగలాడుతోంది. శుభాకాంక్షలు తెలిపేవాళ్ల వరుసలో, ఆదినారాయణ పక్కనే, నరహరి తల కూడా నవ్వుతూ ఉంది.