పంచె కొసన మూడు చుక్కలు

చెన్నకేశవులుకు ఏ కట్టనూ విప్పి చదివే అలవాటు లేదు. ప్రొద్దుటూరులో ఒక ఆఫీసు రికార్డు గదిలో ఆయన గుమాస్తా. ఎర్రగుడ్డలో చుట్టిన కాగితాల కట్టల మీద చీటీలు అంటించడమే ఉద్యోగం. ఏ ఊరివి, ఏ ఏటివి, ఎవరు రాశారు, ఎన్ని కాగితాలు, అంతే. లోపల ఏముందో ఆయనకు తెలియదు, తెలుసుకోవాలనీ లేదు.

"లోపలిదేముంది, ఎవరైనా చదువుతారు. పైన చీటీ చూసి కట్ట సంగతంతా చెప్పేవాడే చదువుకున్నోడు" అని ఖాజా హోటల్లో టీ తాగేవాళ్లకు రోజూ, ఇంట్లో భార్యకు వారానికి రెండుసార్లు చెప్పేవాడు. బడి గడప తొక్కని భారతమ్మ "ఊఁ" అని పప్పుకు తాలింపు పెట్టేది.

నయాపైసలు వచ్చిన ఏడాది పులివెందులలో ఆమె చిన్నాయన కూతురి పెళ్లి కుదిరింది. కోడిగుడ్లు అమ్మి దాచుకున్న దుడ్లు మొగుడి చేతిలో పెట్టింది భారతమ్మ.

"మా వాళ్ల ముందర ఆ మాసికల పంచెతో నిలబడితే నాకు తల కొట్టేసినట్టుంటాది. మంచి జరీ అంచుది తెచ్చుకో."

తెచ్చుకుందామనే బయల్దేరాడు. బట్టల అంగడికి పోయే దారిలో ఖాజా హోటలు ఉండటం ఆయన తప్పు కాదు. పదిరోజులు పంచె కోసమే బయల్దేరాడు, పదిరోజులూ పలావు తిని తిరిగొచ్చాడు. పదకొండో రోజుకు అంచుతో సహా పంచె కడుపులోకి పోయింది.

ఇక పెన్న ఒడ్డుకు పోయి, బట్టలు ఆరేస్తున్న చాకలి గురమ్మ ముందు నిలబడ్డాడు.

"గురమ్మా, రెండు దినాలకు ఎవరిదన్నా జరీ పంచె ఇయ్యి."

"ఇస్తాలే అప్పా. నువ్వు మొదటోనివి కాదు. కొసన జీడిగింజ రసంతో పెట్టిన గుర్తు ఉండాది, చూసుకో. ఇంటికొక గుర్తు. మీ ఇంటిది రెండు చుక్కలు. దీనిది మూడు చుక్కలు, కింద గీత. ఎవరిదో చెప్పాల్నా?"

"వద్దులే. చుక్కలు చూసేది చదువు రానోళ్లు. నేను చూసేది చీటీలు."

గురమ్మ పంచె మడిచి చేతిలో పెట్టింది. చదువుకున్నవాళ్లతో వాదిస్తే బట్టలు ఆరవు.

పెళ్లి రోజు పొద్దున భారతమ్మ పంచె విప్పి, ఈ కొస ఆ కొస తిప్పి చూసింది.

"ఎవరి అంగట్లో తెచ్చినావు?"

"బాషా అంగట్లో. ప్రొద్దుటూరంతటికీ ఇట్లాంటిది ఒకటే ఉండాది."

"ఒకటేనా?"

"ఒకటే."

"శానా బాగుండాది" అని ఆమె నవ్వింది. చెన్నకేశవులు ఆ నవ్వుకు పైన ఉన్న చీటీ చదువుకుని మురిసిపోయాడు. లోపల విప్పి చూడలేదు.

పెళ్లి ఇంట్లో అందరికంటే ముందు ఎదురొచ్చినవాడు భారతమ్మ అన్న నారాయణ. ప్రొద్దుటూరులోనే పక్క వీధి. పాత పంచె కట్టుకుని మొహం వేలాడేసుకున్నాడు.

"బావా, నాది కూడా అచ్చం ఇట్లాంటి పంచెనే. ఉతకనీకి ఏస్తే, గురమ్మ ఇంకా ఆరలేదనింది. ఈ ఎండలకు రాయి గూడా ఆరుతాది, పంచె ఆరకపోవడమేంది?"

చెన్నకేశవులుకు గురమ్మ చెప్పిన మూడు చుక్కలు గుర్తుకొచ్చాయి. ఎడమచేత్తో కొస గుప్పిట పట్టుకున్నాడు. ఆ చేయి తీయకుండానే నీళ్లు తాగాడు, ఆ చేయి తీయకుండానే పెద్దలకు దండం పెట్టాడు. చూసినవాళ్లు పాపం పక్షవాతమనుకున్నారు. అంతలో నారాయణ తాంబూలాల పళ్లెం తెచ్చి, "పట్టుకో బావా, బరువుండాది" అన్నాడు.

రెండు చేతులూ కావలసి వచ్చాయి. కొస జారింది.

నారాయణ వంగి చూశాడు. "ఇదేంది బావా, మూడు చుక్కలు? ఇది మా ఇంటి గుర్తు కదా?"

భారతమ్మ మధ్యలోకి వచ్చింది.

"నీ గుర్తేలే అన్నా. నీకు పెట్టాలనే తెచ్చినాడు మీ బావ. కొన్న దినమే గురమ్మతో నీ గుర్తు ఏయించినాడు. మడత బిరుసు పోవాలని ఒక పూట కట్టినాడంతే. ఏమయ్యా, చెప్పు."

"అవును" అన్నాడు చెన్నకేశవులు.

నారాయణ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "నాది ఆరి వచ్చిందంటే జత అయితాది బావా" అని కావలించుకున్నాడు.

పక్క గదిలో చెన్నకేశవులు పంచె విప్పి ఇస్తుంటే, భారతమ్మ సంచిలోంచి మాసికల పంచె తీసింది.

"ఇది ముందే తెచ్చినావా?"

"పొద్దున కొస చూసి పెట్టుకున్నా. పెండ్లి కాకముందు పదేండ్లు మా ఇంటి చాకలిమూట విప్పినదాన్ని, మా అన్న గుర్తు తెలీదా? ఎట్లాగూ మా వాళ్ల ముందర మాసికలే అయినాయి. కానీ దొంగోని పెండ్లామని అనిపించుకోలే, చాలు. జీతం రాంగానే రెండోది కొని గురమ్మకియ్యి, మూడు చుక్కలు ఏసి ఇస్తాది. మా అన్నకు జత కావాల్నంట."

జీతం వచ్చింది, పంచెగా మారి పోయింది. పై నెల జీతందాకా ఓర్చుకుని, మొదటి ఆదివారం నోరూరుతుండగా చెన్నకేశవులు ఖాజా హోటల్లో కూర్చున్నాడు. ఖాజా వచ్చి, ఆయన చొక్కా కాలరు వెనక్కి తిప్పి చూసి, లోపలికి పోయి మజ్జిగ గ్లాసు తెచ్చాడు.

"పలావు ఏదప్పా?"

"నీకు లేదన్నా. కాలరు కింద చూసుకో, రెండు చుక్కల చుట్టూ సున్నా. ఇంట్లో తినే వచ్చినాడని దానికి అర్థమంట. మీ ఇంటామె చెప్పి ఏయించింది. మా గుడ్డలు గూడా గురమ్మే ఉతుకుతాది కదా, ఆమే చెప్పింది."

"నా కడుపు చూడు ఖాజా, ఖాళీగా ఉండాది."

"లోపలిది నాకెందుకన్నా" అన్నాడు ఖాజా, గ్లాసు ముందుకు జరుపుతూ. "పైన చీటీ చూస్తే చాలని నువ్వే కదా చెప్పేది."