ఒంటెను ఎక్కడ ఆపాలి?

మామ పోయిన రోజు సిరిసిల్లలో వాళ్ల వీధి మగ్గాలన్నీ ఆగాయి. పదకొండో దినం ముగిశాక ఆయన చదరంగం బల్ల ఎవరికి అనే మాట వచ్చింది.

"గెలిచినోళ్లది బావా," అన్నాడు బామ్మర్ది ఎల్లేశం. "ఐతారం రా. తెల్లకాయలు నీకే."

నేను కోరుట్లలో బడిపంతులును. మామ పదేళ్లు ఆటకు పిలిచాడు. చదరంగం పుస్తకాలు చదవనివాళ్లతో ఆడనని నా గర్వం. ఎల్లేశమూ చదవలేదు. పుస్తకంతోనే కొడదామనుకున్నాను.

చిక్కల్లా ఒకటే. పుస్తకంలోని ఏ పద్ధతిలో మొదలుపెట్టాలి, ఇటలీ ఆటా, స్పెయిన్ ఆటా? మొదటి రెండెత్తులు రెండింటికీ ఒకటే. మూడో ఎత్తుకు తెల్ల ఒంటె ఇటలీలో మూడు గళ్లు నడిచి ఆగుతుంది. స్పెయిన్‌లో ఇంకో గడి పోయి గుర్రాన్ని బెదిరిస్తుంది.

"ఒక్క గడికి ఐదు దినాలా?" అంది నా భార్య బాలమణి. "గీ లోపల మా నాయన చీర నేసి దించుతుండె."

"నీకు తెలియదు. ఇది విద్య."

"అవు సారూ. మగ్గపోళ్ల బిడ్డకు విద్య ఏడికెళ్లొస్తది?"

ఆదివారం బాలమణితో వెళ్తుంటే దారిలో, నక్సల్ అన్నల కోసం వెతికే పోలీసులు బస్సు ఆపారు. జవాను నా చదరంగం పుస్తకం అటూ ఇటూ తిప్పి, ఇటలీ పేరున్న పేజీ దగ్గర ఆగాడు.

"ఇటలీల మీకెవలున్నరు సారూ?"

ఒంటె ఉందని చెప్పాను. అరగంట నిలబెట్టాడు. అప్పుడే స్పెయిన్ ఖాయం చేసుకున్నాను.

సిరిసిల్లలో రాజు ముందరి సిపాయిని రెండు గళ్లు జరిపాను. ఎల్లేశం నా చెయ్యి పట్టుకున్నాడు.

"సిపాయి ఒక్కడుగే ఏస్తడు బావా."

"పుస్తకంలో రెండు!"

"బల్ల నాయనది. ఆట గూడ నాయనదే."

రెండు దేశాలూ అక్కడే మునిగాయి. పద్దెనిమిదో ఎత్తుకు నా రాజు కూలాడు.

"లెవ్వు," అంది బాలమణి నాతో. నా చోట కూర్చుంది. "గెలిచినోళ్లదన్నవు తమ్మీ. బావదనలే గద?"

చాయ్ చల్లారకముందే గెలిచింది. బల్లను తువ్వాలలో చుట్టింది.

తిరుగు బస్సులో అడిగాను. "ఒక్కడుగే అని నీకు తెలుసా?"

"తెల్సు."

"చెప్పలేదేం?"

"అడిగినవా? నాయన పదేండ్లు పిలిచిండు. గప్పుడన్న ఆయన ఆటేందో అడిగినవా?"

బల్ల ఇప్పుడు మా ఇంట్లో ఉంది. మామతో నేను ఒక్క ఆటా ఆడలేదు.