గూడు అనగానేమి?

ఒక పెద్ద అడవిలో, అంటే పెద్దదని ఆ అడవి పంచాయతీయే తీర్మానం చేసుకుంది లెండి, నేతయ్య అనే గిజిగాడు ఉండేవాడు. ఎవరికి గూడు కావాలన్నా వాళ్ల కొమ్మ మీదికే వెళ్లేవాడు. కొమ్మ ఊపి చూసి, గాలి ఎటు నుంచి కొడుతుందో అడిగి, అప్పుడు గడ్డిపోచ పట్టేవాడు. గూడు పూర్తయ్యేసరికి అడిగినవాళ్లకీ సగం పని వచ్చేసేది.

చిక్కల్లా ఒక్కటే. నేతయ్య ఒక్కడు, అడిగేవాళ్లు అడవంతా.

ఆ ఏడు తొలకరి ముందు తురాయి అనే ఉడత వచ్చింది. తన తొర్ర ఉన్న చెట్టు కూలిపోయింది. చంకన ఇద్దరు పసివాళ్లు.

"బాబాయ్, వానలు పడేలోపు పిల్లలకి ఇంత నీడ చూపించు," అంది.

"నీ వంతు రాగానే నేనే వస్తాను తల్లీ," అన్నాడు నేతయ్య.

ఆ వంతు రాలేదు. ఈలోపు పట్నం నుంచి సులభయ్య అనే నక్క దిగాడు. ఏదో సాఫ్ట్‌వేర్ కంపెనీ వెనకాల ఎంగిలాకుల దగ్గర కొన్నాళ్లు గడిపి, లోకజ్ఞానం మూటగట్టుకొచ్చాడు.

"ప్రెసిడెంటు గారూ, ఇంకా ఈ పాత పద్ధతేమిటి?" అన్నాడు పంచాయతీలో సింహంతో. "గూళ్లు ప్యాకెట్ కట్టి పంచేద్దాం. ముడి విప్పితే ఇన్‌స్టాల్ అయిపోవాలి. ఎలా వాడాలో చెప్పేది కూడా లోపలే ఉండాలి. విడిగా ఇస్తే పారేసుకుంటారు."

"లోపల ఏం పెడతావు?"

"చిలకని."

సింహం తలూపింది. అర్థం కానప్పుడల్లా తలూపబట్టే అన్నాళ్లు ప్రెసిడెంటుగా నెగ్గుకొచ్చింది.

నేతయ్య ముందుకొచ్చాడు. "అయ్యా, చిలకకి గూడు అల్లడం రాదు కదా."

"రానక్కర్లేదు. చెప్పడం వస్తే చాలు," అన్నాడు సులభయ్య.

ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని మిగతా సభ్యులు విసుక్కున్నారు. నేతయ్యని ఓ మూల కూర్చోబెట్టి, ఏ కొమ్మ కోసమో చెప్పకుండానే గూళ్లు అల్లించారు. ఒక్కో గూట్లో ఒక్కో చిలకని పెట్టి, టేకాకు చుట్టి, ముడేసి పంచారు.

తురాయికీ ఒకటి వచ్చింది. ముడి విప్పగానే చిలక గొంతు సవరించుకుంది.

"ఈ గూటిని ఎంచుకున్నందుకు ధన్యవాదాలు. ముందుమాట. గూడు అనగానేమి?"

"అది తెలుసమ్మా. నాది తుమ్మకొమ్మ. దీన్ని దానికెలా కట్టాలి?"

"కొమ్మ ప్యాకెట్‌లో భాగం కాదు. ముందుమాట. గూడు అనగానేమి?"

మధ్యలో ప్రశ్న వేస్తే చిలక మళ్లీ మొదటికొస్తుంది. తల్లి అడగడం, చిలక మొదలెట్టడం. పిల్లలు నోరు తెరుచుకుని వింటున్నారు.

ఇంతలో వాన దిగింది. తురాయి గూటిని ఎలాగోలా కొమ్మల మధ్య ఇరికించి, "కాస్త బయటికి రామ్మా, పిల్లల్ని పడుకోబెడతాను," అంది.

"కుదరదు. నేను లోపలే ఉండాలని రూలు," అంది చిలక సర్దుకు కూర్చుంటూ. ఆ తర్వాత, వానలో తడవకుండా ఉండటం ఎలాగో పొడిగా కూర్చుని చెప్పుకుపోయింది.

పిల్లల వణుకు చూసి నేతయ్య ఉండబట్టలేక గడ్డి తెచ్చాడు. నాలుగు పోచలు అల్లాడో లేదో సులభయ్య వచ్చి నిలబడ్డాడు.

"ప్యాకెట్ లేని గూడు చెల్లదు. తీసెయ్."

నేతయ్యకి ఏడుపొచ్చింది. ఏడుస్తూనే తీసేశాడు.

మర్నాడు సులభయ్య అడవంతా తిరిగొచ్చి పంచాయతీకి నివేదించాడు. ప్రతి గూట్లోనూ ఒకరు కాపురం ఉన్నారు. లోపలున్నవాళ్లెవరూ ఫిర్యాదు చెయ్యలేదు. పథకం దిగ్విజయమని తేల్చి, రెండో విడతకి ఆర్డరిచ్చారు. తీరా చూస్తే అడవిలో చిలకలు మిగల్లేదు.

ఆ కబురు విని తురాయి పిల్లల్ని సులభయ్య ముందుకి తోసింది.

"ఏదీ, అయ్యగారికి చెప్పండి నాన్నా."

"ధన్యవాదాలు. ముందుమాట. గూడు అనగానేమి?" అని ఇద్దరూ ఒక్క గొంతుతో అందుకున్నారు. సులభయ్య అక్కడికక్కడే ఇద్దరికీ చిలక ఉద్యోగాలిచ్చాడు.

ఆ సాయంత్రం పిల్లలు చెరో గూట్లో వెచ్చగా ముడుచుకున్నారు. బయట కొమ్మ మీద తురాయీ నేతయ్యా పక్కపక్కన తడుస్తూ కూర్చున్నారు.

"నీ గూళ్లు గట్టివి బాబాయ్. చుక్క నీరు కారడం లేదు," అంది తురాయి.

నేతయ్య రెక్కలు దులుపుకుని, సంతోషపడ్డాడు.

నీతి: ఇంట్లో ఉండాలంటే ఇల్లు కట్టడం కాదు, ఇల్లు అనగానేమిటో చెప్పడం నేర్చుకోవాలి.