గోడ మీద ఏడు రంగుల మచ్చ

శనివారం ఉదయం ఎనిమిదీ పదికి సైన్సు మాస్టారి ముందుగది గోడ మీద మచ్చ కనిపించింది. ఆ గోడకు తెల్ల రంగు వేయడం పూర్తయింది ముందురోజు సాయంత్రమే.

మాస్టారు మచ్చ చుట్టూ పెన్సిలుతో గీత గీసి పెయింటరుకు ఫోన్ చేశారు. "ఎరుపుతో మొదలై ఊదాలో తేలింది మేస్త్రీ. ఇలాగైతే బడి పని నీకిమ్మని ఏ మొహం పెట్టుకుని చెప్పను?"

బడిలో పద్నాలుగు గదులు. హెడ్మాస్టరు సోమవారం వచ్చి, ఈ గోడ చూశాకే మాట ఇస్తానన్నారు.

పెయింటరు తొమ్మిదిన్నరకు వచ్చాడు. గీత ఉంది, మచ్చ లేదు.

"ఏదండీ?"

"ఇందాక ఉందయ్యా!"

గీత లోపల ఇంకో పూత వేసి వెళ్లాడు.

ఆదివారం ఎనిమిదీ పదికి మచ్చ మళ్లీ వచ్చింది. ఇంట్లోనే ఉన్న బావమరిది ప్లంబరు. "చెమ్మ బావా. లోపల పైపు కారుతోంది."

"ఏడు రంగుల్లోనా?"

"పాత పైపు కదా."

గోడ కొట్టాడు. పైపు లేదు. జానెడు పక్కన కొట్టాడు. ఉలి పైపుకే తగిలింది. చెమ్మ అప్పుడు మొదలైంది.

కబురందుకుని వచ్చిన పెయింటరు నెత్తిన చేయి పెట్టుకున్నాడు. సాయంత్రానికి పైపు అతికించి, గోడ పూడ్చి, ఆరకుండానే పూత వేశారు. "రేపు పొద్దున్నే వస్తా. అదో నేనో తేలిపోవాలి" అన్నాడు పెయింటరు.

సోమవారం హెడ్మాస్టరు గుమ్మంలోకి వచ్చేసరికి మచ్చ గోడ మీదే ఉంది. పెయింటరు దాని మీద అరచేయి పెట్టాడు. రంగులు చేతి మీదకు వచ్చాయి. గుడ్డతో తుడిచాడు. పోలేదు.

"మాస్టారూ, మచ్చ గోడకి లేదు, నా చేతికుంది" అని వెనక్కి తిరిగి, కిటికీ రెక్క సందులోని మూడు పలకల గాజుముక్క తీశాడు. మచ్చ పోయింది. పెట్టాడు. వచ్చింది. "ఎండ కిటికీ దాటితే పోతుంది. నేనొచ్చేది ఆ తర్వాతే."

"పెయింటు వాసన పోవాలని, రెక్క మూసుకోకుండా నేనే పెట్టా. ఈయన బల్ల మీదదే" అంది మాస్టారి భార్య.

"పట్టకం" అన్నారు మాస్టారు.

"పాతికేళ్లుగా పిల్లలకి చెప్పేది దీని గురించేగా?" అందావిడ.

"బడిలో రంగులు కాగితం మీద పడతాయే!"

హెడ్మాస్టరు గాజు అందుకుని మచ్చను రెండుసార్లు రప్పించారు, రెండుసార్లు పోగొట్టారు. "గోడ ఇంత తెల్లగా ఉండబట్టే ఏడూ విడివిడిగా కనిపించాయి. పద్నాలుగు గదులూ నీవే మేస్త్రీ."

ఆ వారం ఎనిమిదో తరగతికి కాంతి పాఠం పెయింటరు చెప్పాడు. మాస్టారు నిచ్చెన పట్టుకున్నారు.