హోదాకి తగ్గ కరెంటు

"మనిషికి పవరు అతని హోదాని బట్టి ఉండాలి! బండికి పవరు అందులో కూర్చునే మనిషిని బట్టి ఉండాలి!"

మా డైరెక్టరుగారు బల్ల గుద్ది ఈ మాట అన్నప్పుడు అందరం తలలూపాం. బల్ల కూడా కొంచెం ఊగింది. ఇంతకీ ఆ సమావేశం జరిగింది దేశరక్షణ గురించి కాదు. కార్లకి జంప్ స్టార్టర్లు కొనడం గురించి!

ఆ చలికాలంలో మా అధికారుల కార్ల బ్యాటరీలు ఒక్కొక్కటే నిద్రలోకి జారుకోవడం మొదలుపెట్టాయి. తాళం తిప్పితే "టిక్కు" మనేవి, అంతే. పొద్దున్న ఆలస్యంగా రావడానికీ అదే కారణం, సాయంత్రం ముందుగా బయల్దేరడానికీ అదే కారణం. దాంతో చచ్చిన బ్యాటరీకి ఊపిరిపోసే ఆ చేతిపెట్టె ఎంత పవరుది కొనాలో తేల్చే భారం, స్టోర్సు సూపరింటెండెంటునైన నా నెత్తిన పడింది.

నాకు కార్ల గురించి తెలిసిందల్లా ఎడమవైపు తలుపు తీసుకుని కూర్చోవడమే. నడిపేది మా ఆవిడ. తను అలాంటి పెట్టె ఒకటి డిక్కీలో పెట్టుకునే తిరుగుతుంది. ఆవిణ్ణే అడిగాను.

"ఇందులో బ్రహ్మవిద్యేముంది?" అంది. "ఇంజన్ ఎంత పెద్దదో చూడు. పెట్రోలా డీజిలా చూడు. చిన్న పెట్రోలు కారుకి నాలుగైదొందల ఆంపియర్లు చాలు. పెద్ద డీజిల్ బండి మొండిది, దానికి పదిహేనొందలైనా ఉండాలి. పెట్టె మీద పెద్దక్షరాలతో రాసింది చూసి మురిసిపోకు, అది క్షణకాలం డాబు. కింద చిన్నక్షరాలతో ఉంటుందే, అదీ అసలు సత్తా!"

"అచ్చం మా ఆఫీసర్లలాగే ఉందే!"

"ఆ, ఇంకోటి. అప్పుడప్పుడూ ఛార్జింగు పెట్టుకోవాలి. లేకపోతే అది ఒట్టి ఇటుకరాయి."

ఈ జ్ఞానమంతా మోసుకుని సమావేశానికి వెళ్లాను.

"నా కారుకి ఎంత కావాలయ్యా?" అన్నారు డైరెక్టరుగారు.

"తమది చిన్న పెట్రోలు కారు కదండీ. అయిదొందలు చాలు సార్."

"జాయింటు డైరెక్టరుకో?"

"వారిది పెద్ద డీజిల్ బండి సార్. పదిహేనొందలైనా కావాలి."

డైరెక్టరుగారు కుర్చీలో ముందుకి జరిగారు.

"అంటే ఈ ఆఫీసులో నాకంటే ఆయనకి మూడు రెట్లు పవరు ఎక్కువన్నమాట!"

జాయింటు డైరెక్టరుగారు కుర్చీలోంచి స్ప్రింగులా లేచారు. "అయ్యయ్యో, ఎంత మాట సార్! నాకు వంద చాలు సార్!"

"వందతో మీ బండి కదలదండీ," అన్నాను.

"కదలకపోతే మానె! పద్ధతి తప్పుతామా?"

డైరెక్టరుగారి ముఖం వికసించింది. బల్ల గుద్ది ఆ మొదటి మాట అన్నది అప్పుడే. నిర్ణయం కూడా అక్కడికక్కడే జరిగిపోయింది. డైరెక్టరుకి రెండువేల ఆంపియర్లు. ఆ తర్వాతి హోదాకి అందులో సగం, వెయ్యి. ఆ తర్వాత అయిదొందలు.

అకౌంట్సు మేడమ్ గొంతు సవరించుకున్నారు. "మరి నాకు?"

"మీకు కారు లేదు కదమ్మా! మీరొచ్చేది బస్సులో కదా!"

"కారు లేనంత మాత్రాన నాకు హోదా లేదాండీ?"

ఆవిడకీ అయిదొందలది మంజూరైంది.

పెట్టెలొచ్చాయి. ఒక్కోదాని మీదా వారి వారి హోదా అచ్చువేసిన కాగితం అంటించాం. డైరెక్టరుగారిది ప్రయాణపు సూట్‌కేసంత అట్టపెట్టెలో వచ్చింది. ఆయన దాన్ని తన గదిలో అద్దాల బీరువాలో పెట్టించారు. వచ్చినవాళ్లకి కుర్చీ చూపించేముందు దాన్ని చూపించేవారు. ఒకసారి ఛార్జింగు పెడదామని ప్లగ్గు దాకా తీసుకెళ్తే గయ్యిమన్నారు.

"నా పవరుని నేలమీద పెడతావా?"

ప్లగ్గేమో నేలకి జానెడెత్తులోనే ఉంది. పెట్టె మళ్లీ బీరువా ఎక్కింది. అకౌంట్సు మేడమ్ మాత్రం తనదాన్ని రోజూ ఛార్జి చేసి, దాంతో సెల్‌ఫోను ఛార్జి చేసుకునేవారు. పెట్టె జన్మ తరించింది.

ఇలా ఉండగా మా ఆఫీసుకి ఒక బహుమతి వచ్చింది. "హోదా భేదాలు లేని ఆదర్శ కార్యాలయం" అని! నవ్వకండి, షీల్డు నిజంగానే ఇచ్చారు. ప్రధాన కార్యాలయంలో కమిషనరుగారి చేతుల మీదుగా అందుకుని, డైరెక్టరుగారు "సమానత్వం" మీద ప్రసంగించాలి.

ఆ ఉదయం డైరెక్టర్లిద్దరూ, అకౌంట్సు మేడమ్, నేను, మొత్తం నలుగురం ఆఫీసు ముందు తయారయ్యాం. డైరెక్టరుగారి కారు టిక్కుమంది. జాయింటు డైరెక్టరుగారి బండి అంతకంటే చిన్నగా, వినయంగా టిక్కుమంది. ఆయన వెయ్యి ఆంపియర్లూ తగిలించారు. డీజిల్ బండి ఒకసారి ఒళ్లు విరుచుకుని మళ్లీ పడుకుంది.

"నాది పట్టుకురండి!" అన్నారు డైరెక్టరుగారు, యుద్ధానికి ఆయుధం తెప్పిస్తున్నట్టుగా.

ఇద్దరం మోసుకొచ్చాం. ఎర్ర క్లిప్పు, నల్ల క్లిప్పు పెట్టాం. మా ఆవిడ చెప్పినట్టే, ఒట్టి ఇటుకరాయి!

"సార్, నాది నిండా ఛార్జింగుతో ఉంది," అన్నారు అకౌంట్సు మేడమ్. "మీ కారుకి సరిపోతుంది కూడా."

డైరెక్టరుగారు తలెత్తి చూశారు. మూడంతస్తుల కిటికీల్లోంచీ సిబ్బంది మొత్తం తొంగిచూస్తున్నారు. కింది హోదా నుంచి పవరు తీసుకోవడమా? అదీ అందరి కళ్లముందా? ఆయన నా చెవిలో గుసగుసలాడారు.

"దాన్ని నా అట్టపెట్టెలో పెట్టి తీసుకురా."

పెద్దపెట్టెలో చిన్నపెట్టెని దాచి తెచ్చాం. వైర్లు మాత్రమే బయటికి లాగి తగిలించాం. కారు ఠక్కున లేచింది! కిటికీల్లోంచి చప్పట్లు మోగాయి.

"చూశారా, రెండువేలంటే మాటలా!" అన్నారు జాయింటు డైరెక్టరుగారు, అంతా తెలిసే.

ఆ ఒక్క కారులోనే నలుగురం, ఆ పెట్టెతో సహా వెళ్లాం. ప్రసంగం అద్భుతంగా సాగింది. "మా ఆఫీసులో పెద్దా చిన్నా లేదు! ఎవరి సాయమైనా నేను బాహాటంగా తీసుకుంటాను!" అన్నారు డైరెక్టరుగారు. అకౌంట్సు మేడమ్‌కి గట్టిగా దగ్గొచ్చింది.

షీల్డు పట్టుకుని బయటికొస్తే కమిషనరుగారు తన కారు ముందు నిలబడి ఉన్నారు. అదీ చిన్న కారే. ఆయన స్వయంగా నడుపుకుంటారట. అదీ టిక్కుమంటోంది!

"మీ దగ్గర జంప్ స్టార్టరేమైనా ఉందాండీ?"

డైరెక్టరుగారికి ఇలాంటి అవకాశం మళ్లీ ఎప్పుడొస్తుంది? ఆనందంలో లోపలేముందో మర్చిపోయి, డిక్కీలోంచి దింపించిన పెట్టెని తానే స్వయంగా తెరిచారు. సూట్‌కేసంత పెట్టె అడుగున అరచేయంత వస్తువు. దాని మీద కాగితం. కమిషనరుగారు కళ్లజోడు సవరించుకుని బయటికే చదివారు.

"అకౌంట్సు ఆఫీసరు. హోదా: మూడు. అయిదొందల ఆంపియర్లు." ఒకసారి షీల్డు వంక చూశారు. "హోదా మూడంటే ఏమిటండీ?"

డైరెక్టరుగారు షీల్డు వెనక్కి దాచుకున్నారు.

"పోనీలెండి, నా కారుకి ఇది ఎక్కువే," అని కమిషనరుగారు మేడమ్‌కి దండం పెట్టి, క్లిప్పులు తానే తగిలించుకుని, కారు లేవగానే పెట్టె తిరిగిచ్చి వెళ్లిపోయారు.

ఇక మా డైరెక్టరుగారు మారిపోతారని మీరనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను. మర్నాడే అత్యవసర సమావేశం!

"కమిషనరుగారికే అయిదొందలు సరిపోతే, నేను రెండువేలు పెట్టుకోవడం ఎంత అపచారం! నాకు అందులో సగం, రెండువందల యాభై. జాయింటు డైరెక్టరుకి నూటపాతిక!"

"నూటపాతికది పిల్లల బొమ్మల కొట్లో దొరుకుతుందేమోనండీ," అన్నాను.

"అయితే అక్కడే కొను!"

కొన్నాం. పాతవన్నీ తిరిగి స్టోర్సులో జమైపోయాయి. ఆ తర్వాత ఏ కారూ లేవలేదు. వారం తిరక్కుండా మా అధికారులందరూ బస్సెక్కారు. మొదటిరోజు అకౌంట్సు మేడమ్ జాయింటు డైరెక్టరుగారికి తన పక్కనున్న ఖాళీ సీటు చూపించారు. ఆయన కూర్చోలేదు.

"ముందు డైరెక్టరుగారు ఎక్కడ కూర్చున్నారో చెప్పండి మేడమ్."

"మీ వెనకేనండీ."

ఆయన అదిరిపడి, రెండు వరసలు దాటి వెనక్కి వెళ్లి నిలబడ్డారు. డైరెక్టరుగారు మాత్రం తన సీట్లోంచి లేచి, వెతుక్కుంటూ వెళ్లి అన్నిటికంటే ముందున్న సీట్లో కూర్చుని, హాయిగా ఊపిరి పీల్చుకున్నారు. అంతలోనే ఆయన కనుబొమలు ముడిపడ్డాయి. నన్ను దగ్గరికి పిలిచి, ముందుకి వేలు చూపిస్తూ అడిగారు.

"నాకంటే ముందు కూర్చున్నాడు, ఆ డ్రైవరు హోదా ఏమిటయ్యా?"