ఒక ‘క’ తక్కువ

నాకు అన్నిటికంటే ఎక్కువ భయం నీళ్ళంటే. మా పాపకు ఇంకా ఏడాది నిండలేదు. యూనివర్సిటీ క్యాంపస్ నుంచి మా తార్నాకకు వచ్చే పైపు పగిలి మురికి మోరీ నీళ్ళు కలుస్తున్నాయని విన్నప్పటి నుంచి, కాచిన నీళ్ళనే మళ్ళీ కాస్తున్నాను.

అదృష్టం కొద్దీ మాకు పార్టీ కార్యకర్త రాజలింగం గారున్నారు. సంగతి తెలియగానే ఆయన పైపు దగ్గరికి పోయి టైం వేస్టు చేయలేదు. నేరుగా సామేలన్న ప్రెస్సుకు వచ్చారు. దాని వెనక గదిలోనే మేం అద్దెకుంటాం.

“ప్రజలను లావు అక్షరాలతోనే కాపాడాలె!” అని ప్రకటించి, పోస్టరు వేయమన్నారు.

సామేలన్న ఈ మధ్యే మద్రాసు నుంచి కొత్త అచ్చు తెప్పించాడు. ఏం అక్షరాలు! పొట్ట దగ్గర దూలమంత లావు, మలుపు దగ్గర వెంట్రుకంత సన్నం. ఇంగ్లీషు అక్షరాలకైతే పాదాల కింద సన్నటి పట్టీలు కూడా ఉన్నాయి. నాలుగో తరగతిలో బడి మానిన నేను సైతం రోడ్డవతల నుంచి చదవగలను. ఇలాంటి అచ్చు సర్కస్ పోస్టర్లకూ చావు కబుర్లకూ వాడటం చూశాను గానీ, ప్రజాసేవకు చూడటం ఇదే మొదలు.

తన పేరు అందులో చూసుకుని రాజలింగం గారు మురిసిపోయారు.

“అచ్చం నా లెక్కనే ఉన్నది గదా, సామేలూ?”

“ఉన్నది పటేలా. మలుపుల కాడనే జర సన్నం.”

“ఆ సన్నం తీసెయ్యరాదు?”

“తీస్తే పేరు ముక్కలైతది పటేలా.”

ఇంతలో క్యాంపస్ ఆరోగ్యాధికారి సోమయాజులు గారు జీపు దిగారు. “నా పేరూ అంతే లావుండాలి. డిపార్ట్‌మెంట్ ప్రెస్టీజ్!” అన్నారు.

రెండు పేర్లూ కొలువుదీరాక కింద ఒక్క వరుస మిగిలింది. నీళ్ళ సంగతి అందులోనే చెప్పాలి. సామేలన్న ‘నీళ్ళు కాచకుండా తాగకండి’ అని పేర్చాడు. ఒక్క అక్షరానికి చోటు చాల్లేదు.

“జర చిన్న అచ్చు పెడదునా?”

“చిన్న అచ్చుల చెప్తే ఎవడు నమ్ముతడయా?” అన్నారు రాజలింగం గారు.

సోమయాజులు గారు కళ్ళజోడు సవరించుకున్నారు. “కా, కు, క. ఒక్క వరుసలో మూడు ‘క’లా? రిపిటీషన్! చివరిది డిలీట్ చెయ్.”

‘నీళ్ళు కాచకుండా తాగండి.’

చక్కగా కుదిరింది.

“అయితే ఇగ కాచద్దా సార్?” అన్నాను, పాపను చంకన వేసుకుని.

“ఏందమ్మా, అంత లావు అక్షరం అబద్ధమాడతదా?” అన్నారు రాజలింగం గారు.

నిజమే. అయినా నేను పొయ్యి ఆర్పలేదు. అంత పెద్ద అచ్చును కాదన్నందుకు సిగ్గుగానే ఉంది.

పోస్టర్లు సీతాఫల్‌మండి, లాలాపేట దాకా వెలిశాయి. మా చిన్నమ్మ కూతురు లచ్చమ్మ లాలాపేట నుంచి చంటివాణ్ణి ఎత్తుకుని నవ్వుతూ వచ్చింది. దానికి చదువు రాదు. ఎవరో చదివి చెప్పారట.

“సర్కారోళ్ళే కాచద్దన్నరంట అక్కా! కిరసనాయిలు మిగిలింది.”

“వద్దే, నా మాటిను, కాచు.”

“సర్కారు కన్న నువ్వెక్కువనా? నీకు అన్నిటికీ భయమే! ఐతారం మళ్ళొస్త తియ్!”

వారం తిరగకముందే హాస్టళ్ళు ఖాళీ అయి ఆసుపత్రి నిండింది. అప్పటికిగానీ ఒక ‘క’ తక్కువైందని తేలలేదు.

ప్రెస్సులో అత్యవసర సమావేశం జరిగింది. పోస్టరు మళ్ళీ వేస్తే ఎవరి పేరు పైన ఉండాలన్నది తెగలేదు. చివరికి తప్పిపోయిన అక్షరం ఒక్కటే అచ్చు వేయాలని తీర్మానించారు. కాగితానికి ఒక ‘క’, గుమ్మడికాయంత.

దాన్ని ఎక్కడ అంటించాలో అంటించేవాళ్ళకు ఎవరూ చెప్పలేదు. చోటున్న చోటల్లా అంటించారు: సినిమా తార నుదుటి మీద, మా తలుపు మీద, రాజలింగం గారి పేరు ముందు. ‘దిద్దుబాటు దిగ్విజయం’ అని పత్రికలో పడింది, అంతే లావు అచ్చులో.

లాలాపేటకు చేరకముందే కాగితం అయిపోయింది.

ఆదివారం వస్తానన్న లచ్చమ్మ రాలేదు. పాపకు ఒళ్ళు కాలుతోంది, వదిలి కదలలేను. మీలో ఎవరైనా అటు పోతే, పిండిగిర్నీ వెనక లచ్చమ్మ ఇల్లు ఏదని అడగండి. పిల్లవాడు ఎలా ఉన్నాడో చూసి రండి.