మచ్చలేని మునివెంకటప్ప

“చరిత్రలో ఒక్క వెంట్రుక కూడా పక్కకు జరిగేదానికి లేదు!” అని దామోదరం చిత్తూరులో తన ఇంటి వరండాలో నిలబడి ప్రకటించాడు.

విన్నవాడు హైదరాబాదు నుంచి వచ్చిన టీవీ నాటకాల దర్శకుడు రామచంద్ర. నాటకం దామోదరం తండ్రి, కీర్తిశేషులు మునివెంకటప్ప గారి మీద. తెల్లవాళ్ళ కాలంలో వడమాలపేట కల్లంగడి ముందు పికెటింగు చేసి లాఠీ దెబ్బ తిన్న దేశభక్తుడని ఆయనకు పేరు. ఆ పేరు టీవీలో వస్తే మునిసిపల్ ఎన్నికల్లో తనకు టిక్కెట్టు ఖాయమని దామోదరం నమ్మకం.

“మా నాయనకు ఎడమ కనుబొమ్మ మింద మచ్చ ఉండాది సూడండి. అది మాత్రం మరిసిపోవద్దు సార్.”

“మచ్చ ఉంటుందండీ, మాట ఇస్తున్నాను. మిగతా వాటిలో మాకూ కొంచెం లైసెన్సు ఉండాలి.”

దామోదరం ఉలిక్కిపడ్డాడు. “లైసెన్సా? ఎవురు సెప్పినారు సార్ మీకు?”

“కళాకారుడి స్వేచ్ఛండీ నేననేది.”

“అదా!” అని దామోదరం చెమట తుడుచుకున్నాడు.

ఆ ఇంట్లో లైసెన్సు అనే మాట ఎవరూ ఎత్తరు. పికెటింగు రోజున మునివెంకటప్ప ఆ అంగడి దగ్గర ఉన్నమాట నిజమే. ముందర కాదు, లోపల. లైసెన్సు ఆయనదే. బయట కూర్చున్నవాళ్ళ మీదికి కల్లుకుండ ఎత్తితే అది చేతిలోనే పగిలి కనుబొమ్మ కోసింది. స్వాతంత్ర్యం వచ్చాక ఆ గాయం లాఠీ దెబ్బ అయింది.

నాటకం వచ్చిన ఆదివారం వీధంతా దామోదరం ఇంట్లోనే ఉంది. పార్టీ టిక్కెట్లు పంచే సుబ్బన్నను కుర్చీలో కూర్చోబెట్టారు. టీవీకి ఎదురుగా దామోదరం తల్లి నాగరత్నమ్మ చాప మీద కూర్చుంది.

తెర మీదికి మునివెంకటప్ప వచ్చాడు. ముఖం నున్నగా ఉంది! హీరో ముఖానికి మచ్చ బాగుండదని ఆ నటుడు ఒప్పుకోలేదట. దర్శకుడు మాట తప్పే మనిషి కాదు. మచ్చను విలనుకు ఇచ్చేశాడు.

విలను కల్లంగడి యజమాని. కథకు విలను కావాలని దర్శకుడు కల్పించినవాడు. వాడు కుండ ఎత్తాడు. అది చేతిలోనే పగిలి ఎడమ కనుబొమ్మ కోసింది. వీధంతా చప్పట్లు కొట్టింది.

“అబద్ధం!” దామోదరం లేచాడు. “ఇట్లాంటోడు చరిత్రలోనే లేడు!”

“లేకుండా యాడికి పోయినాడురా?” నాగరత్నమ్మ తెరకు చేతులు జోడించింది. కళ్ళల్లో నీళ్ళు. “అచ్చం మీ నాయనే. కుండ ఎత్తేది గూడా అట్లే. ఆ నున్నమొగమోడు ఎవురో నాకు తెలీదబ్బా.”

టీవీ పైన గోడకు మునివెంకటప్ప పటం ఉంది. అందరూ ఒకసారి తెర మీది మచ్చను చూశారు, ఒకసారి పటంలోని మచ్చను చూశారు.

సుబ్బన్న లేచి దామోదరాన్ని వరండాలోకి లాక్కుపోయాడు. టిక్కెట్టు పోయిందని దామోదరం కళ్ళు మూసుకున్నాడు.

“ఏం మనిసివప్పా నువ్వు!” అన్నాడు సుబ్బన్న. “త్యాగాలు చేసినోళ్ళ కొడుకు, ఎలచ్చన్లో ఏం ఖర్చు పెడతాడులే అని నీ పేరు కొట్టేసినాము. కల్లంగడోళ్ళమని ముందే సెప్పింటే టిక్కెట్టు ఎప్పుడో ఇచ్చేసిందుము గదా!”